ఒక్కో ఫ్లెక్సీకి ఒక్కో కవిత

నాకు కవిత్వం పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ హాయి. నా పేరు ఎల్లేశ్. చేవెళ్ళ బస్టాండు దాటి నాలుగడుగులు వేస్తే మా ఫ్లెక్సీల షాపు కనబడుతుంది. పుట్టినరోజు, పెళ్ళి, గృహప్రవేశం, చావు, ఏది జరిగినా ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా మెట్లెక్కాల్సిందే. పదకొండేళ్ళుగా ఇదే పని. రంగు వాసనకి నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది.

చెప్పబోయేది నా సంగతి కాదు, మా షాపులో కంప్యూటర్ ముందు కూర్చునే అరుణశ్రీ సంగతి. వయసు ముప్పై రెండు. రోజూ మొయినాబాద్ నుంచి తొమ్మిదింటి బస్సులో వస్తుంది. భర్త నవీన్ గండిపేట దగ్గర కొత్తగా కట్టిన ఇళ్ళల్లో కరెంటు పని చేస్తాడు. ఇంటర్ అయ్యాక డీటీపీ నేర్చుకుంది. చెయ్యి మంచి స్పీడు, అక్షరం తప్పు పోదు, నోరు తక్కువ. ఇన్ని మంచి గుణాలున్న మనిషిని దేవుడు ఊరికే ఇస్తాడా? ఏదో ఒక తిరకాసు పెట్టే పంపుతాడు. ఈమెకు కవితల పిచ్చి పెట్టి పంపాడు.

ఆ పిచ్చికి కారకుణ్ణి కూడా నేనే, ఇక ఎవర్ని తిట్టుకోను? నాలుగేళ్ళ కిందట జయరాజ్ సారని ఒక రిటైరైన టీచరు తన కవితల పుస్తకం ఆవిష్కరణకు ఫ్లెక్సీ వేయించుకున్నాడు. పోతూ పోతూ తన ఇంట్లో ఉన్న పుస్తకాల కట్ట ఒకటి తెచ్చి, "షాపుకొచ్చేటోళ్ళు చదువుకుంటరు" అని బల్ల మీద పెట్టిపోయాడు. అన్నీ కవితలే. షాపుకొచ్చేవాళ్ళు ఫోన్లు చూసుకుంటారు గానీ కవితలు చదువుతారా, ఆయన అమాయకత్వం కాకపోతే! సరిగ్గా అప్పుడే ఫ్లెక్సీలు అచ్చేసే మిషన్ కాలు ఒకటి నేలకు ఆనక గడగడలాడుతోంది. కట్టలోంచి మందంగా ఉన్న పుస్తకం లాగి కాలు కింద దోపాను. మిషన్ కుదురుకుంది.

మర్నాడు అరుణశ్రీ వచ్చీ రాగానే చూసింది.

"గిదేందన్న? పుస్తకం మీద మిషన్ పెట్టిండ్రు?"

"మందం సరిపోయింది."

ఆమె బయటికి వెళ్ళింది. పక్క వడ్రంగి దుకాణం నుంచి చెక్క ముక్క ఒకటి తెచ్చింది. నా చేతనే మిషన్ లేపించి, పుస్తకం తీసి చెక్క పెట్టింది. పుస్తకాన్ని చున్నీతో తుడుచుకుని కంప్యూటర్ పక్కన పెట్టుకుంది. ఆ రోజు మొదలు.

మిషన్ మీద ఫ్లెక్సీ పడుతున్నంతసేపు మనిషి పక్కనే ఉండాలి. షీటు పక్కకు జరిగినా, రంగు ఆగినా అంతా గీతలు పడిపోతుంది. ఒక్కో ఫ్లెక్సీకి పది పన్నెండు నిమిషాలు. ఆ పది నిమిషాలు ఇంతకుముందు అందరిలాగే ఫోన్ చూసేది. ఇప్పుడు పుస్తకం తెరిచి, పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"చదివితే చదువు గని కథలు చదువుకోరాదు? అండ్లనన్న ఏమైతదో ఏమో అని ఉంటది."

"కథల పడితే మనసు అండ్లనే ఉంటదన్న. మిషన్ ఆగినా తెల్వది. కవిత అట్ల కాదు. ఒక్కసారి చదువుత, తలెత్తి మిషన్ చూస్త, మళ్ళ అదే చదువుత. ఒక్కో ఫ్లెక్సీకి ఒక్కో కవిత. సరిపోతది."

చూశారా, జవాబు కూడా తయారుగా పెట్టుకుంది. నిజం చెప్పాలంటే ఆమె చదువుతున్నప్పుడు ఒక్క షీటు కూడా పాడవలేదు. అందుకే తిట్టడానికి సందు దొరక్క ఊరుకున్నాను.

ఒకసారి క్యారెట్ పండించే రైతొకాయన కూతురి ఫంక్షన్ ఫ్లెక్సీ కోసం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఈమె తన ధోరణిలో చదువుకుంటుంటే విని, "అమ్మా, అది మళ్ళొకసారి చదువు" అన్నాడు. ఆమె చదివింది. నాకు ఊరుకోబుద్ధి కాక, "ఏమన్న సమజయిందా?" అని అడిగాను. "సమజయిందో లేదో తెల్వది గని, మా అవ్వ యాదికొచ్చింది" అన్నాడు. ఆ కవితలో అవ్వా లేదు తాతా లేడు, వాన గురించి ఏదో ఉంది. వీళ్ళతో నేను వేగలేను బాబూ అనుకున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా కంప్యూటర్‌లో ‘సంతాపం’ అని ఒక ఫోల్డర్ ఉంది. అందులో నాలుగు లైన్లు ఎప్పుడూ తయారుగా ఉంటాయి. ‘చల్లని మాట, చెరగని చిరునవ్వు, శాంతమూర్తి మీరు, మా ఇంటి వెలుగు మీరు.’ ఎవరు రాశారో నాకు తెలియదు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్‌తో పాటే వచ్చాయి. చనిపోయినవాళ్ళ ఫోటో మార్చడం, పేరు మార్చడం, కింద కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళ పేర్లు వరసగా కొట్టడం, అంతే పని. అరుణశ్రీ రెండు మూడు సార్లు గొణిగింది.

"అందరికీ ఒక్కటే మాటనా అన్న?"

"సచ్చినోళ్ళు లేచొచ్చి చదువుతరా ఏంది?" అన్నాను. నా నోరు అలాంటిది.

పోయిన చలికాలం ఆమె పిల్లాడికి జ్వరమని నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆ సమయంలోనే ఆలూరు నుంచి పరమేష్ వచ్చాడు. మొయినాబాద్‌లో ఒక ఫామ్‌హౌస్‌కు సూపర్‌వైజర్. తండ్రి అంతయ్య చనిపోయి నాలుగో రోజు. పెద్ద ఫ్లెక్సీ కావాలన్నాడు, పైన లీడర్ల ఫోటోలు వరసగా ఉండాలన్నాడు, దినాలకు పెద్దవాళ్ళు వస్తారన్నాడు. ఫోల్డర్ తెరిచాను. ఫోటో పెట్టాను, పేరు కొట్టాను. ఫోటోలో అంతయ్య ఎవరినో కొట్టబోతున్నట్టు చూస్తున్నాడు. నొసటి ముడతలు తీసేసి, పెదవుల చివర్లు కొంచెం పైకి లాగాను. చూడముచ్చటగా వచ్చింది. సాయంత్రానికి కట్టెల ఫ్రేము కొట్టించి పంపించేశాను.

అరుణశ్రీ సెలవు ముగించుకుని వచ్చిన రోజు పొద్దున్నే షాపు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక పెద్దామె దిగింది. చంకలో చుట్టిన ఫ్లెక్సీ. ఫ్రేము నుంచి పీకేసినట్టుంది, అంచులకు మేకులు ఇంకా వేలాడుతున్నాయి.

"గిది జేసింది నువ్వేనా కొడుకా?" అని బల్ల మీద పరిచింది.

అంతయ్య నవ్వుతూ నా వైపు చూశాడు. వచ్చింది ఆయన భార్య శంకరమ్మ. దినాలు ఇంకా కాలేదు. దినాలు కాకుండా భర్త పోయిన ఆడమనిషి గడప దాటదు, దాటినా ఒకరింటికి, ఒకరి దుకాణానికి రాదు. బల్ల మీద పెళ్ళి పత్రికల కట్టలున్నాయి. నేను గబగబా వాటిని కిందికి దించి గోనె కప్పాను. ఆమె అది చూసింది. నా పని అలా ఉంది మరి, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"అవ్వ, దినాలు కాకుండనే వచ్చినవ్?"

"రాకుంటే నువ్వొస్తవా? గీ అంతయ్య ఎవరు కొడుకా? ముప్పై ఎనిమిదేండ్లు నేను గీయనతోటి అయితే ఉండలే. గీ మొకం ఎవరిది? చల్లని మాటనంట! మా మనుమరాలు సదివి చెప్పింది. ఆయన నోట్లకెల్లి చల్లని మాట ఎన్నడన్న వచ్చిందా? ఊరు ఊరంతా ఎరుకే. తువ్వాల నోట్లె పెట్టుకొని నవ్వుతున్నరు."

"అందరికీ గట్లనే రాస్తరవ్వ. మంచిగనే రాయాలె కద."

"అందరికీ అంటవా? మూడు వారాల కింద మా ఊర్ల వెంకటయ్య పోతే ఆయనకు గూడ గివే మాటలు. ఆ బోర్డు ఇంకా తియ్యలే. దానికి ఎదురుంగనే మాది కట్టిండు మా పరమేష్. ఇద్దరు మొగోళ్ళు ఎదురెదురు నిలవడి ఒక్కటే నవ్వు, ఒక్కటే మాట. పోరగాళ్ళు ఫోన్ల ఫోటోలు దీసి పంపుకుంటున్నరు."

వెంకటయ్యది కూడా నేనే వేశానని అప్పుడు గుర్తొచ్చింది. పదకొండేళ్ళలో ఒకే ఊరికి, ఒకే నెలలో, ఒకే నాలుగు లైన్లు పంపింది అదే మొదటిసారి కాదేమో కూడా. ఎవరూ వచ్చి అడగలేదు, అంతే.

శంకరమ్మ గొంతు తగ్గించింది. "ఆయన మంచోడని నేను చెప్తలేను బిడ్డ. తాగుతుండె, తిడుతుండె, కంచం ఇసిరికొడుతుండె. గని సచ్చినంక ఊరు నవ్వద్దు. ఎల్లుండి దినాలకు మూడూర్లు వస్తయి. వాళ్ళ ముంగట ఆయన నవ్వులపాలు కావద్దు. ఉన్నది ఉన్నట్టు రాయి, లేకుంటే పేరు, ఫోటో పెట్టి ఊకో."

"మేం అచ్చేసేటోళ్ళం అవ్వ, రాసేటోళ్ళం కాదు" అన్నాను. తప్పు నాదే కాబట్టి కోపం కూడా నాకే వచ్చింది.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ అరుణశ్రీ స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టింది. నీళ్ళిచ్చింది. ఎదురుగా నేల మీద కూర్చుని, "ఆయన పొద్దుగాల లేస్తె ఏం చేస్తుండె అవ్వ?" అని అడిగింది. చిన్న ప్రశ్న. శంకరమ్మ గంటసేపు చెప్పింది. నేను లోపల పని చేస్తున్నట్టు నటిస్తూ అంతా విన్నాను.

అంతయ్యకు ముప్పావు ఎకరం చేమంతి తోట. మనుషుల మీద ఎంత ఒంటికాలి మీద లేచేవాడో, తోటలోకి అడుగుపెట్టే ముందు అంత మెత్తబడేవాడట. గట్టు మీద చెప్పులు విడిచి, సాళ్ళ మధ్య పక్కకు తిరిగి నడిచేవాడట. తాగిన రోజు కూడా ఒక్క మొగ్గ రాలేది కాదట. పూలు తెంపేటప్పుడు ఎవరైనా కొమ్మ విరిస్తే మాత్రం వాళ్ళ ఏడు తరాలు తిట్టించుకునేవాళ్ళు. పొద్దుగూకితే సందు మొదట్లో నుంచే, "ఇంట్ల ఎవరన్న ఉన్నరా?" అని అరిచేవాడట.

"ఎవరుంటరు బిడ్డ, నేనే కద ఉండేది! రోజూ గట్లనే ఒర్రుతుండె. సందు సందంతా ఇనవడాలె. నేను ‘ఉన్న’ అనేదాక ఒర్రుతనే ఉంటుండె. తిట్టుకుంట జవాబిచ్చి, కాళ్ళు కడుక్కోను చెంబుల నీళ్ళు దెస్తుంటి." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "ఇప్పుడు పొద్దూకితే చెవులు ఊకుంటలెవ్వు."

శంకరమ్మ ఫ్లెక్సీని బల్ల మీదే వదిలేసి ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. అరుణశ్రీ మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. పుస్తకాలన్నీ ముందేసుకుని తిరగేసింది. ఏదైనా తీసి అతికిస్తుందేమో అనుకున్నాను. అతికించలేదు. తనే రాసింది. ‘పూలవనమే విలపించె, సుగంధమే దిగులు చెందె’ అని ఎనిమిది లైన్లు రాసి చూపించింది. నాకు బ్రహ్మాండంగా అనిపించింది.

"వేసెయ్" అన్నాను.

ఆమె తనలో తాను రెండుసార్లు చదువుకుని కొట్టేసింది.

"మస్తున్నది కదా, ఏమాయె?"

"ఇది కవిత లెక్కున్నదన్న. అంతయ్య లెక్క లేదు."

"అన్ని పుస్తకాలు చదివి నేర్చుకున్నది ఇదేనా, రాసింది కొట్టేసుడు?"

"గదే నేర్చుకున్న" అంది. పరాచికం కాదు, నిజంగానే చెప్పింది.

నాలుగింటికి ఒక కాగితం నా ముందు పెట్టింది. ఏడు లైన్లు.

మాట గరుకు, చెయ్యి గరుకు.
చేమంతి సాళ్ళల్ల మాత్రం
చెప్పులిడిసి నడిచెటోడు.
పొద్దూకితే సందు మొదట్ల నుంచే
ఇంట్ల ఎవరన్న ఉన్నరా అని ఒర్రెటోడు.
ఉన్నమయ్యా, అందరం ఉన్నం.
ఒర్రెటోడే లేడు.

నేను చదివి కాగితం తిప్పి పెట్టాను. అరుణశ్రీ శంకరమ్మ మనవరాలి ఫోనుకు చేసి ఆ పెద్దామెకు చదివి వినిపించింది. ఆమె రెండోసారి కూడా చదివించుకుంది. తర్వాత, "గిది ఆయనే బిడ్డ. అచ్చెయ్యి" అని వినబడింది.

మర్నాడు పొద్దున్నే పరమేష్ వచ్చాడు. షాపు తలుపు సగమే తెరిచి ఉంది, మిగతా సగం ఆయనే తెరిచాడు.

"ఏమన్న, నిన్న ఫోన్ల ఏం చదివిండ్రో మా అవ్వ చెప్పింది. మా బాపును ఒర్రెటోడు అని రాస్తరా? గరుకంట! ఇజ్జత్ ఉంటదా మాకు? రేపు లీడర్లు వస్తరు. ఆర్డర్ ఇచ్చింది నేను. మా అవ్వకేం ఎరుక?"

మామూలుగా అయితే నేను ఆయన పక్షమే. ఆర్డర్ ఇచ్చిన మనిషి మాట వినడమే ఈ పనిలో ధర్మం. పాత షీటు చుట్టి ఇచ్చేద్దామని లేచాను కూడా. అరుణశ్రీ కాగితం ఆయన ముందు పెట్టింది.

"పాతదే కట్టుకోండ్రి అన్న, మీ ఇష్టం. గని ఒక్కసారి ఇది మీ కండ్లతోటి చదువుండ్రి. ఫోన్ల వినుడు వేరు."

ఆయన కోపంగానే లాక్కున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఐదో లైను దగ్గర ఆగాయి. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. కాగితం బల్ల మీద పెట్టి, సరే అనకుండా, వద్దనకుండా బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

"ఇప్పుడేం చేద్దామన్న?" అంది అరుణశ్రీ.

"ఏం చేసుడేంది? మిషన్ ఆన్ చెయ్" అని కసురుకున్నాను. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. ముడతలు తీయని ఫోటో పెట్టించాను. అంతయ్య మళ్ళీ కొట్టబోతున్నట్టు చూశాడు. లీడర్ల ఫోటోలు అరుణశ్రీ పైన సన్నగా సర్దింది. మిషన్ నడుస్తున్నంతసేపు ఆమె ఆ రోజు ఏ పుస్తకమూ తెరవలేదు. షీటు మీద అక్షరాలు ఒక్కొక్కటే దిగుతుంటే అవే చదువుకుంటూ నిలబడింది.

ఫ్రేము కట్టించి ఆలూరు పంపించాం. కడతారో, పెంట మీద పడేస్తారో తెలియదు. దినాల రోజు షాపు మూసేసి బండి మీద ఇద్దరం బయలుదేరాం. నేను సంతాపాలకు ఫ్లెక్సీలు వేస్తాను గానీ వెళ్ళను. ఆ రోజు మాత్రం షాపులో కాలు నిలవలేదు. జనం నవ్వితే అది నా షాపు నుంచి వెళ్ళిన నవ్వే. ఆ ముసలామె ముందు తల ఎట్లా ఎత్తుకోను?

సందులో షామియానా వేశారు. ఇంటి గోడకు మా ఫ్లెక్సీ కట్టి ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను, కానీ అప్పుడే ముసలివాళ్ళు పది మంది దాని ముందు గుమిగూడారు. అక్షరాలొచ్చినవాళ్ళకు కళ్ళు ఆనవు, కళ్ళు ఆనేవాళ్ళకు చదువు రాదు. "ఏం రాసిండ్రు రా పరమేష్? జర చదువు" అన్నారొకరు.

పరమేష్ గొంతు సవరించుకున్నాడు. "మాట గరుకు, చెయ్యి గరుకు" అన్నాడు.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. "గరుకంటె గరుకా, ఆకురాయే!" అన్నారు ఇంకొకరు. ఇంకో ఇద్దరు భుజాలు ఎగరేసి నవ్వారు. అరుణశ్రీ చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. పరమేష్ వాళ్ళ వైపు చూడలేదు. చేమంతి సాళ్ళు చదివాడు, చెప్పులు చదివాడు. నవ్విన ముసలాయనే, "అవును, ఇడుస్తుండె. నేను చూసిన" అన్నాడు నెమ్మదిగా. ఇంకొకాయన తలూపాడు.

తర్వాతి లైన్లకు వచ్చేసరికి పరమేష్‌కు ఏమైందో తెలియదు. చదవలేదు. తండ్రి అరిచినట్టే, సందు చివరిదాకా వినబడేట్టు గొంతెత్తి అరిచాడు.

"ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"ఆఁ, ఉన్న, ఉన్న! వస్తున్న!" అని లోపల నుంచి కేక వచ్చింది. విసుగు, తిట్టు కలిసిన గొంతు. వెంటనే శంకరమ్మ గడపలోకి వచ్చింది, చేతిలో నీళ్ళ చెంబు.

బయట ఇంతమందిని చూసి ఆగిపోయింది. తనేం చేసిందో అప్పుడు తెలిసినట్టుంది. చెంబులో నీళ్ళు తొణికి ఆమె పాదాల మీద పడ్డాయి. పరమేష్ మిగతా రెండు లైన్లు చదవలేకపోయాడు.

ఆమె రెండడుగులు వేసి చెంబు కొడుకు చేతికిచ్చింది.

"కాళ్ళు కడుక్కొని లోపలికి రా" అంది.

ఒక్కరూ నవ్వలేదు.